దోహా సూది, కోరుట్ల సూది
(జగిత్యాలలో చేసిన స్మారక ఉపన్యాసం, అచ్చు పాఠం)



వేదిక మీద సారు ఫోటో లేదు, బ్యానర్ మీద సారు పేరు లేదు. ఈ స్మారక ఉపన్యాసానికి నిధి పెట్టిన రోజే ఆ షరతు రాయించారు ఇంటివాళ్లు. జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పిన మనిషి ఆయన. బోర్డు మీద తన పేరు కన్నా సమీకరణం సరిగ్గా ఉండాలనుకునేవారు. అందుకని నేనూ మీలాగే సారు అనే అంటాను. పొగడ్తలు పక్కనపెట్టి పాఠం చెప్పి దిగుతాను.

ఈ ప్రాంతంలో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ తక్కువ. 2021లో ఒకే ఇంటివాళ్లు వేర్వేరు సూదులు వేయించుకున్నారు. కోరుట్లలో అమ్మానాన్నలకు కోవిషీల్డో కోవాగ్జినో పడింది. ఖతర్‌లో, దోహాలో ఉన్న కొడుక్కు ఫైజరో మోడెర్నానో పడింది. ఆ దేశం 2020 డిసెంబర్‌లోనే ఫైజర్‌తో మొదలుపెట్టింది. సెలవు మీద వచ్చి ఇక్కడ కోవాగ్జిన్ వేయించుకున్నవాళ్లలో కొందరికి, తిరిగి పోదామంటే ఆ సర్టిఫికెట్ చెల్లలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాను తన అత్యవసర జాబితాలో చేర్చింది 2021 నవంబర్ 3న. ఆ నెలల్లో ఫోన్లలో నడిచిన ముచ్చట ఒకటే: మీది మంచిదా, మాది మంచిదా?

ఆ ప్రశ్న ఇప్పటికీ అడగదగ్గదే. కాకపోతే టీకాలో ఏముందన్న దాని గురించే అందరూ మాట్లాడారు. దాన్ని ఏది మోసుకెళ్తోందని అడిగినవాళ్లు అరుదు. ఈ సాయంత్రం నా ముచ్చటంతా మోసేదాని గురించే.

కోవాగ్జిన్‌లో మోసేదంటూ ఏదీ లేదు. చంపిన వైరస్‌నే శరీరానికి చూపిస్తారు. కోవిషీల్డ్‌లో మోసేది ఉంది. చింపాంజీలకు సోకే అడినోవైరస్‌ను పెరగకుండా చేసి, కరోనా ముల్లు ప్రోటీన్ ఎలా తయారుచేయాలో చెప్పే డీఎన్ఏను దాంట్లో పెట్టారు. హైదరాబాద్‌ నుంచి డాక్టర్ రెడ్డీస్ తెచ్చిన స్పుత్నిక్-వి లోనూ అడినోవైరస్‌లే. అయితే మొదటి డోసుకు ఒకటి, రెండో డోసుకు ఇంకొకటి. ఎందుకంటే శరీరం సరుకును గుర్తుపెట్టుకున్నట్టే మోసుకొచ్చిన వైరస్‌నూ గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ అదే వస్తే వాకిట్లోనే పట్టేస్తుంది. రెండు డోసుల టీకాకు ఈ చిక్కును ఎలాగో దాటొచ్చు. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ ఎక్కించాల్సిన మందుకు దాటడం చాలా కష్టం.

దోహా సూదిలో మోసేది వైరస్ కాదు, కొవ్వు కణం.

ముందు సరుకు సంగతి చూద్దాం. అది ఎంఆర్ఎన్ఏ, అంటే ప్రోటీన్ ఎలా తయారుచేయాలో జీవకణానికి చెప్పే చీటీ. ఫైజర్ టీకాలో దాని పొడవు 4,284 అక్షరాలు. డోసుకు 30 మైక్రోగ్రాములు. మోడెర్నా మొదటి టీకాలో 100. ఈ అణువు అంత సుకుమారమైనది ఇంకోటి దొరకదు. మన చర్మం మీద, చెమటలో, రక్తంలో ఆర్ఎన్ఏను ముక్కలు చేసే ఎంజైములు తిరుగుతుంటాయి. ల్యాబ్‌లో గ్లవ్స్ లేకుండా గొట్టం మూత ముట్టుకుంటే ఆ రోజు ప్రయోగం పోయినట్టే. పైగా ఎంఆర్ఎన్ఏ నిండా రుణావేశం, జీవకణం పైపొర మీదా రుణావేశమే. ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఎలాగో జీవకణం దాన్ని మింగిందనుకుందాం. అప్పుడు ఎండోసోమ్ అనే తిత్తిలో ఇరుక్కుంటుంది. ఆ తిత్తి లోపల క్రమంగా పులుపెక్కుతుంది. ఆలోగా బయటపడకపోతే జీర్ణమైపోతుంది.

ఇన్ని అడ్డంకులు దాటించడానికి నాలుగు రకాల కొవ్వు పదార్థాలు కలిపి కట్టిన కణమే లిపిడ్ నానోకణం. అడ్డుకొలత 100 నానోమీటర్లకు అటూఇటూ. మోడెర్నా పాళ్లు అణువుల లెక్కన చెబుతాను: నూటికి 50 అయొనైజబుల్ లిపిడ్, 38.5 కొలెస్ట్రాల్, 10 డీఎస్‌పీసీ అనే ఫాస్ఫోలిపిడ్, 1.5 పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) తగిలించిన లిపిడ్. కొలెస్ట్రాల్, ఫాస్ఫోలిపిడ్ కణానికి ఒడ్డూ పొడుగూ ఇస్తాయి. వాటి గురించి ఇంతే. అసలు కథ మొదటిదానిదీ చివరిదానిదీ.

మొదటిది నేరుగా సారు పాఠమే. బఫర్ ద్రావణాలు చెబుతూ హెండర్సన్–హాసెల్‌బాల్క్ సమీకరణం రాయని ఇంటర్ లెక్చరర్ ఉండరు. పిల్లలు బట్టీ కొట్టి, పరీక్షయ్యాక మరిచిపోతారు. ఈ లిపిడ్ ప్రాణం ఆ సమీకరణంలోనే ఉంది. నానోకణంలో దాని పీకేఏ విలువ, అంటే సగం అణువులకు ఆవేశం ఉండే పీహెచ్, 6కూ 7కూ మధ్య. తయారీలో పీహెచ్ 4 దగ్గర ఉంచుతారు. అక్కడ లిపిడ్ తలకు ధనావేశం వస్తుంది, రుణావేశపు ఎంఆర్ఎన్ఏను గట్టిగా పట్టుకుంటుంది. తర్వాత పీహెచ్‌ను రక్తపు స్థాయికి, 7.4కు తెస్తారు. ఆవేశం దాదాపు పోతుంది. అందుకే రక్తంలో తిరిగేటప్పుడు జీవకణాల పొరలను చీల్చదు, ప్రోటీన్లతో ముద్ద కట్టదు. ఎండోసోమ్‌లో పీహెచ్ 6 కంటే దిగువకు రాగానే ధనావేశం మళ్లీ పుడుతుంది. అప్పుడు తిత్తి గోడలోని రుణావేశపు కొవ్వులతో జతకట్టి గోడను చెదరగొడుతుంది, ఎంఆర్ఎన్ఏ బయటికి జారుతుంది. ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ ఊరుకోవాలో, ఎక్కడ వదలాలో ఒక్క పీకేఏ తేలుస్తుంది. ఫైజర్ వాడిన ఏఎల్‌సీ-0315, మోడెర్నా వాడిన ఎస్ఎం-102 రెండూ ఈ జాతివే.

ఇంత తెలివిగా కట్టినా బయటపడేది స్వల్పమే. ఇలాంటి కణాల్లో చిన్న ఆర్ఎన్ఏలను పంపి 2013లో కొలిస్తే, తిత్తి దాటి కణద్రవంలోకి చేరినవి నూటికి ఒకటో రెండో. తక్కినదంతా వృథా. కొత్త కణం కట్టామని చెప్పే ప్రతి పరిశోధకుడూ నిజానికి ఈ ఒకటీ రెండుతోనే కుస్తీ పడుతున్నాడు.

ఇక పెగ్. సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లకు దీన్ని ఒక్క మాటలో చెప్పొచ్చు. మగ్గం మీద రాపిడికి తెగకుండా పడుగు నూలుకు గంజి పట్టిస్తారు. బట్ట దిగాక ఆ గంజిని ఉతికి తీసేయాలి, లేకపోతే రంగు పట్టదు. పెగ్ లిపిడ్ పని అదే. తయారీలో, సీసాలో కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా కాపాడుతుంది. కానీ ఒంట్లోకి వెళ్లాక రాలిపోవాలి. రాలకపోతే కణాన్ని ఏ జీవకణమూ దగ్గరికి రానివ్వదు. తొందరగా రాలితే దారిలోనే ముద్ద కడుతుంది. అందుకే దాని తోక పొడవును కొలిచి కొలిచి ఎంచుకుంటారు. కొందరి రక్తంలో పెగ్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు ముందే ఉంటాయి కాబట్టి దాని బదులు పాలీసార్కోసిన్ లాంటివి వెతుకుతున్నారు.

కణం ఎక్కడికి పోతుంది? రక్తంలోకి ఎక్కిస్తే కాలేయానికి. పెగ్ రాలగానే రక్తంలోని అపోలైపోప్రోటీన్-ఇ వచ్చి కణాన్ని అంటుకుంటుంది. కాలేయ కణాల మీద చెడు కొలెస్ట్రాల్‌ను లోపలికి తీసుకునే గ్రాహకాలుంటాయి. అవి దీన్నీ అలాగే తీసుకుంటాయి. మన ఒంట్లో ఉన్న దారినే వాడుకుంటుందన్నమాట. 2018 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చిన ఆన్‌పాట్రో ఈ దారిలో పోయిన మొదటి మందు. కాలేయం తయారుచేసే ఒక ప్రోటీన్ నరాల్లో పేరుకుపోయే జబ్బుకు అది. 2025లో ఫిలడెల్ఫియాలో అరుదైన జన్యులోపంతో పుట్టిన పసివాడికి, ఆ ఒక్క బిడ్డ కోసమే కట్టిన జన్యు సవరణ మందును ఇచ్చారు. దాన్ని కాలేయానికి మోసిందీ కొవ్వు కణమే. విడతలు విడతలుగా ఎక్కించగలిగారు. వైరస్‌తో పంపి ఉంటే రెండో విడత ఇవ్వడం చాలా కష్టమయ్యేది.

కాలేయం తప్ప ఇంకెక్కడికైనా పంపాలంటే మాత్రం తిప్పలు మొదలవుతాయి. 2020లో టెక్సస్‌లో డేనియల్ సీగ్‌వార్ట్ బృందం నాలుగు కొవ్వులకు అయిదోది చేర్చి చూసింది. ఎప్పుడూ ధనావేశంతో ఉండేది కలిపితే ఎలుకల్లో ఎంఆర్ఎన్ఏ ఊపిరితిత్తులకు పోయింది, రుణావేశపుది కలిపితే ప్లీహానికి. పాళ్లు మార్చితే గమ్యం మారింది. నాకు ఈ రంగంలో బాగా నచ్చిన ప్రయోగాల్లో అది ఒకటి. కొత్త అణువేదీ సృష్టించకుండా ఉన్నవాటి వంతులతోనే దారి తిప్పారు.

ఎప్పుడూ ధనావేశంతో ఉండే కొవ్వులు అన్నాను కదా, అవి మన హైదరాబాద్‌కు పాత చుట్టాలు. 1987లో ఫిలిప్ ఫెల్గ్నర్ అమెరికాలో డాట్మా అనే ధనావేశపు లిపిడ్‌తో డీఎన్ఏను కణాల్లోకి పంపి చూపించాడు. రెండేళ్లకు అలాంటి లిపిడ్‌తోనే ఎంఆర్ఎన్ఏనూ పంపారు. ఉప్పల్ రోడ్డు మీద పక్కపక్కనే ఉన్న ఐఐసీటీ (రసాయన సాంకేతిక సంస్థ), సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) ఈ పనిని అందిపుచ్చుకున్నాయి. ఐఐసీటీలో అరబింద చౌధురి, సీసీఎంబీలో ఎన్.మధుసూదనరావు, వాళ్ల విద్యార్థులు కలిసి 1999లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో ఒక వరస కొత్త లిపిడ్లను ప్రకటించారు. అప్పటిదాకా వాడుతున్న వాటికి గ్లిసరాల్ వెన్నెముక ఉండేది. వీళ్లు అది లేకుండా కట్టి, డీఎన్ఏను కణాల్లోకి మోయించారు. తయారీ సులువు, తలభాగాన్ని కావలసినట్టు మార్చుకోవచ్చు. ఎంఆర్ఎన్ఏ పేరు ఇంకా పేపర్లకెక్కని కాలమది.

మరి 2021లో ఎంఆర్ఎన్ఏ టీకా ఇక్కడి నుంచే ఎందుకు రాలేదు? పరిశోధన పత్రం వేరు, కార్ఖానా వేరు. ఎప్పుడూ ధనావేశంతో ఉండే లిపిడ్ గాజు పాత్రలోని కణాల దగ్గర బాగా పనిచేస్తుంది. రక్తంలో అయితే ప్రోటీన్లను తగిలించుకుని ముద్దకడుతుంది, మోతాదు పెరిగితే విషమవుతుంది. కెనడాలో పీటర్ కల్లిస్ చుట్టూ ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి పీకేఏను సర్దుకుంటూ వచ్చి ఆ అడ్డును దాటారు. వాళ్లకు వెనక కంపెనీలు ఉన్నాయి, రోగుల్లో పరీక్షలకు డబ్బు ఉంది. ఇక్కడ విద్యార్థికి పీహెచ్‌డీ రాగానే ఆ లిపిడ్ సీసా చాలాసార్లు ఫ్రీజర్‌లోనే ఉండిపోతుంది. దేశంలో ఏ ల్యాబ్‌కైనా వర్తించే మాట ఇది.

ఆ అనుభవం వృథా కాలేదు. 2022 మే నెలలో సీసీఎంబీలోని అటల్ ఇంక్యుబేషన్ కేంద్రం, బయటివాళ్ల టెక్నాలజీ లేకుండా కరోనా ముల్లు ప్రోటీన్‌కు ఎంఆర్ఎన్ఏ టీకా నమూనా తయారుచేసి ఎలుకల్లో పరీక్షించామని ప్రకటించింది. ఆ కేంద్రానికి అప్పటి సారథి మధుసూదనరావే. అదే పద్ధతిని క్షయకూ డెంగీకీ మలేరియాకూ తిప్పుకోవచ్చన్నారు. అదే ఏడాది దక్షిణాఫ్రికా కేంద్రం నుంచి ఎంఆర్ఎన్ఏ టెక్నాలజీ అందుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మన బయొలాజికల్-ఇ ని ఎంపిక చేసింది. ఎలుక నుంచి మనిషి దాకా ఉన్న దూరం మాత్రం పెద్దది. తొందరపడి ఊరేగింపు తీయొద్దు.

దేశంలో మొదట అనుమతి దక్కించుకున్న ఎంఆర్ఎన్ఏ టీకా పుణెలోని జెన్నోవాది, జెమ్‌కోవాక్-19, 2022 జూన్‌లో. అందులో మోసేది వేరే రకం, సియాటిల్‌లోని హెచ్‌డీటీ బయో రూపకల్పన నుంచి వచ్చింది. దాన్ని లయన్ అంటారు. స్క్వాలీన్ అనే నూనె బొట్టు, దాని లోపల అతి సన్నని ఇనుప ఆక్సైడ్ రేణువులు, బొట్టు చుట్టూ ధనావేశపు లిపిడ్. ఎంఆర్ఎన్ఏ లోపలికి పోదు, బొట్టు బయటి గోడకే అతుక్కుంటుంది.

బయట అతుక్కుంటే ఎంజైములు కొరకవా? అందరికీ వచ్చే సందేహమే. ఆవేశాల పట్టు గట్టిదైతే చాలావరకు కొరకలేవు. లాభం ఏమిటంటే, మోసేదాన్ని వేరుగా, సరుకును వేరుగా తయారుచేసి పెట్టుకోవచ్చు, ఆఖరున కలపొచ్చు. దోహా కణంలో అలా కుదరదు. అక్కడ రెండూ పుట్టుకతోనే ఒకటి. ఆ కణం గర్భంలో కొంత నీరు ఉంటుంది, నీరు ఎంఆర్ఎన్ఏను మెల్లగా తెగ్గొడుతుంది. ఇంకో చిక్కును మోడెర్నా శాస్త్రజ్ఞులే 2021లో బయటపెట్టారు. లిపిడ్‌లోని కొద్దిపాటి మలినాలు ఎంఆర్ఎన్ఏకు అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తాయి. కాపాడాల్సినదే కాటేస్తుందన్నమాట. ఈ రెంటినీ ఆపాలంటే గడ్డకట్టించాలి. 2021లో ఫైజర్‌కు మైనస్ 70 డిగ్రీల ప్రాంతం, మోడెర్నాకు మైనస్ 20 కావాల్సి వచ్చింది.

ఇప్పుడు మన పీహెచ్‌సీకి రండి. ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్ 2 నుంచి 8 డిగ్రీలు. డీప్ ఫ్రీజర్ ఉన్నచోట మైనస్ 15 నుంచి మైనస్ 25. ఆ తర్వాత ఏఎన్ఎం భుజానికి తగిలించుకునే వ్యాక్సిన్ క్యారియర్, దాంట్లో నాలుగు ఐస్ ప్యాకులు. ఎండాకాలం మధ్యాహ్నం సిరిసిల్ల నుంచి తండాకు పోయే దారిలో టీకాకు ఉన్న రక్షణంతా ఆ నాలుగు ప్యాకులే. ఫైజర్ మన దేశంలో అనుమతి దరఖాస్తును 2021 ఫిబ్రవరిలో వెనక్కి తీసుకుంది. మోడెర్నాకు ఆ జూన్‌లో అనుమతి వచ్చింది గానీ సీసాలు మన ఊళ్లకు రాలేదు. దానికి కారణం నష్టపరిహారపు బాధ్యత ఎవరిదన్న పేచీ, చలి కాదు. అయినా వచ్చి ఉంటే ఈ క్యారియర్‌లో ఎంత దూరం పోయేవో లెక్క వేసుకోండి. కరిగించాక 2 నుంచి 8 డిగ్రీల్లో ఒక నెల ఉంటాయని తర్వాత తేల్చారు. అది కొంత ఊరట.

జెమ్‌కోవాక్-19 ను 2 నుంచి 8 డిగ్రీల్లోనే దాచొచ్చు. 2023 జూన్‌లో ఒమిక్రాన్ కోసం వచ్చిన జెమ్‌కోవాక్-ఓఎం పొడి రూపంలో ఉంటుంది, సూది లేని పరికరంతో చర్మంలోకి ఇస్తారు. ఎలుకలో ఎన్ని యాంటీబాడీలు పుట్టాయన్న పోటీలో లిపిడ్ నానోకణానిది తరచుగా గట్టి చెయ్యే. జగిత్యాల దవాఖాన ఫ్రిజ్‌ను కొలబద్దగా పెడితే నా ఓటు పొడి రూపానికీ, అది సాధ్యమయ్యే మోత పద్ధతికీ. పత్రికల్లో పోలిక పట్టికలు వస్తుంటాయి. వాటిలో ప్రోటీన్ ఎంత పుట్టిందో ఉంటుంది, విషగుణం ఉంటుంది, కణం సైజు ఉంటుంది. కరెంటు పోతే ఎన్ని గంటలు ఆగుతుందన్న వరస మాత్రం చాలా పట్టికల్లో కనిపించదు.

మిగతా పోటీదారుల గురించి తొందరగా చెప్పేస్తాను. పాలిమర్లలో పాలీఇథిలీన్‌ఇమీన్ పాతకాపు. బలంగా మోస్తుంది, కణాన్ని అంతే బలంగా దెబ్బతీస్తుంది, ఒంట్లో కరగదు. కరిగిపోయే పాలీబీటా అమైనో ఎస్టర్లు మెరుగు. వాటితో ఎంఆర్ఎన్ఏను ఆవిరిగా పీల్పించి ఎలుకల ఊపిరితిత్తుల్లో ప్రోటీన్ పుట్టించారు ఎంఐటీవాళ్లు, 2019లో. కోరుట్ల వెటర్నరీ కాలేజీ నుంచి వచ్చినవాళ్ల కోసం ఒకటి: మెర్క్ కంపెనీ పందులకు అమ్మే ఆర్ఎన్ఏ టీకాలో మోసేది కొవ్వు కాదు, పిల్లలు పెట్టలేని వైరస్ తొడుగు. గొర్రె టీకాకు రైతు పెట్టగలిగే ధర వేరు, మనిషి టీకాకు వేరు. ఆ తేడా ఒక్కటే ఏ మోత పద్ధతి నిలుస్తుందో తేల్చేయగలదు.

పోలికలో ఇంకో పెద్ద గుంత ఉంది. కొత్త కణాన్ని ముందు గాజు పాత్రలో పెంచిన కణాల మీద పరీక్షిస్తారు, బాగా పనిచేసినదాన్ని ఎలుకకు ఇస్తారు. 2018లో జార్జియా టెక్‌లో జేమ్స్ డాల్మన్ బృందం వందల కొద్దీ నానోకణాలకు ఒక్కోదానికి ఒక్కో డీఎన్ఏ గుర్తు వేసి, రెండుచోట్లా పంపి పోల్చింది. పాత్రలో గెలిచినవి ఎలుకలోనూ గెలుస్తాయన్న నమ్మకానికి ఆధారం చాలా బలహీనమని తేలింది. మన కాలేజీల్లో పీజీ ప్రాజెక్టులు దాదాపు అన్నీ పాత్ర దగ్గరే ఆగుతాయి. ఆపేది ఎలుకల ఇల్లు లేకపోవడం. అయినా ఆ పాత్ర ఫలితానికి ‘అత్యుత్తమ వాహకం’ అని శీర్షిక పెట్టడం మాత్రం మానుకోవచ్చు.

మోసేదానికి మొత్తం కీర్తి కట్టబెట్టడమూ తప్పే. జర్మనీలోని క్యూర్‌వ్యాక్ టీకాలో కొవ్వు కణం కెనడాలోని అక్యుటాస్‌ది. ఫైజర్ టీకాలో కణమూ అక్కడిదే. ఫైజర్ టీకా మొదటి పరీక్షల్లో 95 శాతం రక్షణ చూపించింది, క్యూర్‌వ్యాక్‌ది 2021లో 48 శాతం దగ్గర ఆగింది. క్యూర్‌వ్యాక్ ఎంఆర్ఎన్ఏ అక్షరాలను రసాయనికంగా మార్చకుండా వాడింది, మోతాదు 12 మైక్రోగ్రాములే. దాని పరీక్షల నాటికి వైరస్ రూపాలూ మారాయి. కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ 2005లో చూపించిన అక్షర మార్పుకే 2023 నోబెల్ వచ్చింది. సరుకు సరిగ్గా లేకపోతే మంచి బండి కూడా ఏమీ చేయలేదు.

చివరగా, మన చుట్టుపక్కల అవసరం. ఇప్పటిదాకా డబ్బు ఎక్కువగా కాలేయానికి పోయే కణాల మీదకే వెళ్లింది, ఎందుకంటే సులువైన దారి దొరికింది అక్కడికే. గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. అక్కడి ఆదివాసీ గూడేల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. దేశంలో దాని నిర్మూలన మిషన్ 2023 జులై 1న మొదలైంది. ఆ జబ్బుకు జన్యు సవరణ చికిత్స క్యాస్‌జెవీకి 2023 చివర్లో బ్రిటన్‌లో, అమెరికాలో అనుమతి వచ్చింది. రోగి మూలకణాలను బయటికి తీసి, ల్యాబ్‌లో సవరించి, కీమోతో మజ్జను ఖాళీ చేసి, మళ్లీ ఎక్కించాలి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. అక్కడి ఉట్నూరు మనిషికి ఇది చికిత్స కాదు, వార్త.

ఆ మూలకణాలను బయటికి తీయకుండా, ఎముక మజ్జలోనే వాటి దగ్గరికి ఎంఆర్ఎన్ఏను చేర్చే కొవ్వు కణం కావాలి. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పనిలో, మూలకణాల మీద ఉండే సీడీ117 గుర్తును పట్టుకునే యాంటీబాడీని లిపిడ్ నానోకణానికి తగిలించి, ఎలుకల మజ్జలో ఆ పని చేయించారు. యాంటీబాడీ తగిలిస్తే తయారీ కష్టమవుతుంది, ధర పెరుగుతుంది, గడ్డకట్టించి దాచడం ఇంకో తలనొప్పి. అయితే అది ఒక్కసారి ఇచ్చే సూది. మళ్లీ మళ్లీ చలిపెట్టెలో గూడెందాకా మోసుకుపోయే పని ఉండదు, ఆదిలాబాద్‌లోని రిమ్స్ దవాఖాన లాంటి చోట మంచి ఫ్రీజర్ ఒకటుంటే చాలు. అందుకని ఇక్కడ నా కొలబద్ద తలకిందులవుతుంది. టీకాకైతే ఫ్రిజ్‌ను తట్టుకునే కణం కావాలన్నాను. ఈ జబ్బుకు మజ్జను కచ్చితంగా చేరేది కావాలి, మైనస్ 70 అయినా పరవాలేదు. ఐఐసీటీ తరహా లిపిడ్ కెమిస్ట్రీ, సీసీఎంబీ తరహా జన్యు పరిజ్ఞానం రెండూ ఒకే రోడ్డు మీద ఉన్న నగరం మనది. ఈ పని మీద అక్కడ చేరదలచిన విద్యార్థి ఎవరైనా ఉంటే బయోకెమిస్ట్రీతో పాటు పీకేఏ లెక్కలు కూడా చేత్తో చేసుకుని వెళ్లాలి.

నా సమయం అయింది. ప్రశ్నలు కోరుట్లవాళ్లతో మొదలుపెడదాం, వాళ్లకు ఆఖరి బస్సు ఉంది.